పికప్ హీట్ అవుతోందా? థర్మోస్టాట్ పీకేసే ముందు ఫోన్‌లో ఈ నంబర్లు చూడండి

ఎండాకాలంలో గేమ్ ఆడుతుంటే ఫోన్ స్లో అయిపోవడం మనందరికీ తెలిసిందే. లోపల ప్రాసెసర్ వేడెక్కగానే సాఫ్ట్‌వేర్ దాని స్పీడు తగ్గిస్తుంది. దాన్నే థర్మల్ త్రాట్లింగ్ అంటాం. ఈ సైట్‌లో ప్రతి ఫోన్ రివ్యూలోనూ దాని గురించి ఒక పేరా ఉంటుంది. ఇదే పని మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న పికప్ బండి కూడా చేస్తుంది. ఫోన్ వేడెక్కితే గేమ్‌లో ఫ్రేములు పడిపోతాయి, అంతే. పికప్ వేడెక్కితే హెడ్ గాస్కెట్ పోతుంది, సరుకు రోడ్డు మీద ఆగిపోతుంది, ఆ నెల కిరాయి డబ్బులు రిపేర్‌కే సరిపోతాయి.

నేను చదివింది బీటెక్ కంప్యూటర్ సైన్స్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మెకానిక్‌ని కాదు. కానీ మాది జనగామ జిల్లా స్టేషన్ ఘనపూర్ వైపు. అక్కడ మిర్చి, పత్తి, వడ్లు, కూరగాయలు అన్నీ పికప్ మీదే వరంగల్ వెళ్తాయి. మా చిన్నాయనకూ ఒక పికప్ ఉంది, కిరాయికి నడుపుతాడు. ఆ బండి మీద వెయ్యి రూపాయల లోపు డాంగిల్‌తో, ఒక ఫోన్‌తో ఏం కనిపెట్టవచ్చో ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చూద్దాం. థర్మోస్టాట్ ఎలా పనిచేస్తుంది, పాడైతే గ్రాఫ్‌లో ఎలా కనిపిస్తుంది, అది గేర్‌బాక్స్‌ని ఎలా దెబ్బతీస్తుంది అన్నవి కూడా చూద్దాం.

మీటర్ ముల్లు మధ్యలో ఉంటే అంతా బాగున్నట్టేనా?

కాదు. పాత బండ్లలో టెంపరేచర్ ముల్లు నేరుగా సెన్సర్‌కి కనెక్ట్ అయ్యేది. వేడి కొంచెం మారినా ముల్లు కదిలేది. ఇప్పటి చాలా బండ్లలో మధ్యలో సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంజిన్ ఒకసారి వేడెక్కాక, కూలెంట్ 80 డిగ్రీల దగ్గరున్నా 100 డిగ్రీల దగ్గరున్నా ముల్లు మధ్యలోనే నిలబడేలా రాసి ఉంటారు. ముల్లు ఊరికే ఊగుతుంటే ఓనర్లు భయపడి సర్వీస్ సెంటర్‌కి వస్తారని అలా చేశారు. మన ఫోన్‌లో బ్యాటరీ 100 శాతం దగ్గర కాసేపు కదలకుండా ఉంటుంది చూశారా, అలాంటిదే ఇది కూడా.

దీనివల్ల నష్టం ఏమిటంటే, ముల్లు పైకి లేచిందని మీరు గమనించే సరికే సమస్య ముదిరిపోయి ఉంటుంది. ముల్లు చూపించని ఆ 20 డిగ్రీల్లోనే అసలు కథ అంతా ఉంది. ఆ కథ ఈసీయూకి తెలుసు. మనం దాన్ని అడగాలి, అంతే.

థర్మోస్టాట్ అంటే ఒక మైనం గేటు

చాలామంది థర్మోస్టాట్ అంటే ఏదో ఎలక్ట్రానిక్ పార్ట్ అనుకుంటారు. చాలా పికప్‌లలో అది పూర్తిగా మెకానికల్. అరచేతిలో పట్టేంత చిన్న వాల్వు. దాని మధ్యలో ఒక లోహపు డబ్బీ, ఆ డబ్బీలో మైనం. చల్లగా ఉన్నప్పుడు మైనం గట్టిగా ఉంటుంది, స్ప్రింగ్ వాల్వుని మూసి ఉంచుతుంది. కూలెంట్ 82 డిగ్రీలో 88 డిగ్రీలో, బండిని బట్టి ఒక పాయింట్‌కి చేరగానే మైనం కరిగి ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి వాల్వు తెరుచుకుంటుంది. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో 10 నుంచి 15 డిగ్రీలు పడుతుంది. తెరుచుకునే టెంపరేచర్ ఎంతో చాలావరకు ఆ పార్ట్ మీదే ముద్రించి ఉంటుంది.

వాల్వు మూసి ఉన్నంతసేపూ కూలెంట్ రేడియేటర్‌కి వెళ్లదు. బైపాస్ అనే చిన్న దారిలో ఇంజిన్ లోపలే తిరుగుతుంది. దానివల్ల ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. వాల్వు తెరుచుకున్నాక వేడి కూలెంట్ రేడియేటర్‌కి వెళ్లి, చల్లబడి తిరిగి వస్తుంది. థర్మోస్టాట్ పాడయ్యేది రెండు రకాలుగా:

ఒకటి, మూసుకుని ఇరుక్కుపోవడం లేదా ఆలస్యంగా తెరుచుకోవడం. ఇంజిన్ వేడెక్కిపోతుంది.

రెండు, తెరుచుకుని ఇరుక్కుపోవడం. ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు.

మొదటిది అందరికీ తెలుస్తుంది. రెండోది నెలల తరబడి ఎవరికీ తెలియదు. మైలేజ్ తగ్గిందని మాత్రం అంటుంటారు.

"తీసి అవతల పారేస్తే అయిపాయె" ఎందుకు తప్పు?

మన దగ్గర బండి హీట్ అవుతోందని చెప్పగానే చాలా షెడ్లలో వచ్చే మొదటి సలహా ఇదే. మా చిన్నాయనకూ అదే చెప్పారు. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు? అది చలి దేశాల సామాను" అన్నారట. వినడానికి లాజిక్ బాగానే ఉంది. గేటు లేకపోతే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్‌లో తిరుగుతాయి, బండి చల్లగా ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ ఇందులో మూడు చిక్కులున్నాయి.

మొదటిది బైపాస్. చాలా డీజిల్ ఇంజిన్లలో థర్మోస్టాట్ కింద ఇంకో చిన్న ప్లేటు ఉంటుంది. పై వాల్వు తెరుచుకునే కొద్దీ ఈ ప్లేటు బైపాస్ దారిని మూసేస్తుంది. అప్పుడే కూలెంట్ మొత్తం రేడియేటర్‌కి వెళ్తుంది. థర్మోస్టాట్ పీకేస్తే ఈ ప్లేటు కూడా పోతుంది. కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండా బైపాస్‌లోంచే తిరిగి ఇంజిన్‌లోకి వచ్చేస్తుంది. ఖాళీ బండిలో బాగానే అనిపిస్తుంది. ఫుల్ లోడుతో, 42 డిగ్రీల ఎండలో మళ్లీ హీట్ అవుతుంది.

రెండోది అరుగుదల. ఇంజిన్ 60-65 డిగ్రీల్లోనే నడుస్తుంటే ఆయిల్ సరిగ్గా పలచబడదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, పూర్తిగా కాలని ఇంధనం ఆయిల్‌లో కలుస్తుంది.

మూడోది బీఎస్6 బండ్ల సమస్య. వీటి సైలెన్సర్ లైన్‌లో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు బండి తనంతట తానే ఆ మసిని కాల్చేసుకుంటుంది. చాలా బండ్లలో కూలెంట్ ఒక స్థాయి వేడికి వస్తేనే ఆ పని మొదలవుతుంది. థర్మోస్టాట్ లేని బండిలో ఆ వేడే రాదు, ఫిల్టర్ మూసుకుపోతుంది. కొన్ని వందల రూపాయల పార్ట్ మిగిలిందనుకుంటే, దానికి ఎన్నో రెట్లు ఖరీదైన ఫిల్టర్ మీదకు వచ్చి పడుతుంది.

అందుకే ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే: వేడికి కారణం థర్మోస్టాటేనా, ఇంకేదైనానా?

ఏం కొనాలి?

కావాల్సింది ఓబీడీ2 బ్లూటూత్ డాంగిల్. ఇలాంటివాటిలో ఎక్కువ భాగం ఈఎల్‌ఎం327 అనే చిప్ ఆధారంగానో, దాని కాపీ ఆధారంగానో పనిచేస్తాయి. కొనేముందు ఈ విషయాలు చూసుకోండి.

మీ బండికి సపోర్ట్ ఉందా? 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాయి. బీఎస్6 పికప్ అయితే దాదాపు పని చేస్తుంది. బీఎస్4 అయితే ముందు స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉందో లేదో చూడండి. సాకెట్ ఉన్నంత మాత్రాన అన్ని నంబర్లూ వస్తాయని గ్యారంటీ లేదు, ఎవరిదైనా డాంగిల్ అడిగి ఒకసారి టెస్ట్ చేసి కొనండి. బీఎస్3 బండిలో ఈ పద్ధతి పనికిరాకపోవచ్చు. ఆ బండ్లకు కింద చెప్పిన గిన్నె టెస్ట్, హోస్ పైపు టెస్ట్ చాలు.

మీది ఆండ్రాయిడా, ఐఫోనా? చవక డాంగిల్స్‌లో వచ్చే క్లాసిక్ బ్లూటూత్ ఐఫోన్‌తో పని చేయదు. ఐఫోన్ అయితే బ్లూటూత్ లో ఎనర్జీ ఉన్నది కానీ, వైఫై డాంగిల్ కానీ తీసుకోవాలి.

పెద్ద లారీకి పెట్టొద్దు. ఈ డాంగిల్స్ 12 వోల్టుల బండ్ల కోసం చేసినవి. 24 వోల్టుల లారీల కనెక్టరూ, అవి మాట్లాడే భాషా వేరు.

యాప్స్‌లో టార్క్, కార్ స్కానర్ రెండూ పేరున్నవే. ఏదైనా పర్వాలేదు, కానీ డేటాని ఫైల్‌గా సేవ్ చేసే ఆప్షన్ ఉండాలి. మనకు కావాల్సింది లైవ్ మీటర్ కాదు, లాగ్. డ్రైవ్ చేస్తూ ఫోన్ చూడటం ప్రమాదం కూడా. లాగింగ్ ఆన్ చేసి ఫోన్ జేబులో పెట్టేయండి, ఇంటికొచ్చాక గ్రాఫ్ చూసుకోండి.

ఇంకో మాట: పని అయ్యాక డాంగిల్ పీకేయండి. బండి ఆగి ఉన్నా అది బ్యాటరీని కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. పైగా చాలా వాటి పెయిరింగ్ పిన్ 1234 లేదా 0000. పక్కనున్న ఎవరైనా కనెక్ట్ అయిపోవచ్చు.

లోపల ఏం జరుగుతోంది?

కోడింగ్ ఇష్టపడేవాళ్లకు ఈ భాగం నచ్చుతుంది. డాంగిల్ ఈసీయూకి ఒక చిన్న ప్రశ్న పంపుతుంది. "0105" అని పంపితే, 01 అంటే "ఇప్పటి డేటా చెప్పు", 05 అంటే "కూలెంట్ టెంపరేచర్" అని అర్థం. జవాబు "41 05 7బి" అని వచ్చిందనుకోండి. 41 అంటే మోడ్ 01కి జవాబు. 05 అంటే మనం అడిగిన అంశం. చివరి 7బి అసలు విలువ. అది హెక్స్‌లో ఉంది, మామూలు అంకెల్లో 123. అందులోంచి 40 తీసేస్తే 83. అంటే కూలెంట్ 83 డిగ్రీలు. మైనస్ 40 డిగ్రీల చలిని కూడా నెగెటివ్ నంబర్ లేకుండా ఒక్క బైట్‌లో చెప్పడానికి ఆ 40 పెట్టారు.

ఇలాగే 0సి ఆర్‌పీఎం, 0డి స్పీడు, 0ఎఫ్ లోపలికి వచ్చే గాలి వేడి, 04 ఇంజిన్ మీద లోడు. ఈ ఐదింటినీ సెకనుకు ఒకసారి లాగ్ చేస్తే మనకు సరిపోతుంది. ఒక్క టెంపరేచర్ మాత్రమే లాగ్ చేస్తే ఉపయోగం తక్కువ. 104 డిగ్రీలు ఏ స్పీడులో, ఎంత లోడులో వచ్చిందన్న దాన్ని బట్టే రోగం తెలుస్తుంది.

ఘనపూర్ బండి లాగ్‌లో ఏం దొరికింది?

మా చిన్నాయన బండి ఐదేళ్ల నాటి డీజిల్ పికప్, మాన్యువల్ గేర్‌బాక్స్. పోయిన ఏప్రిల్‌లో ఘనపూర్ నుంచి ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి బస్తాలు వేసుకుని వెళ్తుంటే, మడికొండ దాటే సరికి ముల్లు పైకి లేస్తోందని చెప్పాడు. దారి ముప్పై కిలోమీటర్ల పైచిలుకే. అయినా మధ్యలో ఆపి, చల్లారబెట్టి, బోరు నీళ్లు పోసుకుని పోవాల్సి వస్తోంది. ఒక రోజు అలా ఆగినందుకు మార్కెట్‌లో వేలం టైం దాటిపోయి, రైతు బస్తాలు మర్నాటిదాకా అక్కడే ఉన్నాయి. ఆ రైతు తర్వాతి లోడుకు వేరే బండి పిలుచుకున్నాడు. "బండి ఆగితే ఈఎంఐ ఆగదు బిడ్డా" అన్నాడు చిన్నాయన. షెడ్‌లో చెప్పినట్టు థర్మోస్టాట్ తీసేయడానికి సిద్ధంగా ఉన్నాడు. రెండు రోజులు ఆగమని, ముందు లాగ్ తీశాను.

మొదటి లాగ్: పొద్దున ఆరింటికి, రాత్రంతా ఆగి ఉన్న బండి. స్టార్ట్ చేయకముందే ఇగ్నిషన్ ఆన్ చేసి చూస్తే కూలెంట్ 29, లోపలి గాలి 29. రెండూ ఒకటే. అంటే సెన్సర్ అబద్ధం చెప్పడం లేదు. ఈ చెక్ ఎప్పుడూ ముందు చేయండి. రాత్రంతా ఆగిన బండిలో ఈ రెండింటి మధ్య పెద్ద తేడా ఉంటే, ముందు అనుమానించాల్సింది సెన్సర్‌ని.

తర్వాత ఖాళీ బండిని రఘునాథపల్లి వైపు నడిపాం. పన్నెండు నిమిషాల్లో 82 వచ్చింది. ఈ బండి థర్మోస్టాట్ 82 డిగ్రీలది. మంచి థర్మోస్టాట్ అయితే ఇక్కడ గ్రాఫ్‌లో ఒక చిన్న గుంట పడాలి. గేటు తెరుచుకోగానే రేడియేటర్‌లో ఉన్న చల్లటి కూలెంట్ లోపలికి వస్తుంది, రెండు మూడు డిగ్రీలు తగ్గి, మళ్లీ పెరిగి, ఒక చోట నిలబడుతుంది. మా గ్రాఫ్‌లో గుంట లేదు. 86, 90, 95, 99 అలా గీత నేరుగా ఎక్కుతూ 101 దాకా వెళ్లింది. అక్కడ ఒక్కసారిగా పడిపోయి నిమిషం లోపే 87కి వచ్చింది. మళ్లీ ఎక్కడం మొదలు. రంపం పళ్లలా గ్రాఫ్ వచ్చింది. ఇంత జరిగినా మీటర్ ముల్లు మధ్యలోంచి కదల్లేదు. ఖాళీ బండి, పొద్దున చల్లగాలి, అయినా 101.

ఎక్కుతున్న సమయంలోనే పక్కకు ఆపి, ఇంజిన్ ఆపేసి, ఫ్యాన్ పూర్తిగా ఆగాక హోస్ పైపుల పక్కన చెయ్యి పెట్టి చూశాం. రేడియేటర్ పై పైపు ఇంజిన్ దగ్గర కాలిపోతోంది, రేడియేటర్ కింది పైపు గోరువెచ్చగా కూడా లేదు. అంటే వేడి కూలెంట్ రేడియేటర్‌కి చేరడం లేదు. గేటు ఆలస్యంగా తెరుచుకుంటోందని తేలింది.

గిన్నె టెస్ట్

బయటకు తీసిన థర్మోస్టాట్‌ని ఇంట్లోనే టెస్ట్ చేయవచ్చు. దీనికి మళ్లీ వంటకు వాడని ఒక పాత గిన్నె, ఒక థర్మామీటర్ లేదా టెంపరేచర్ ప్రోబ్ ఉన్న మల్టీమీటర్ కావాలి.

ఒక సన్నటి దారాన్ని వాల్వు అంచులో ఇరికించి, ఆ దారంతోనే థర్మోస్టాట్‌ని నీళ్లలో వేలాడదీయండి. అది గిన్నె అడుగుకు తగలకూడదు, ప్రోబ్ కూడా తగలకూడదు. సన్నటి మంట మీద నీళ్లను కలుపుతూ వేడి చేయండి. వాల్వు తెరుచుకోవడం మొదలవగానే దారం జారి థర్మోస్టాట్ కింద పడుతుంది. ఆ క్షణంలో థర్మామీటర్ ఎంత చూపిస్తోందో అదే తెరుచుకునే టెంపరేచర్. గిన్నె, మీటర్ రెండూ ఫ్రేములో పడేలా ఫోన్‌లో వీడియో తీస్తే కచ్చితంగా తెలుస్తుంది.

కొత్తది 83 దగ్గర పడింది. పాతది 95 దాటాక పడింది. నీళ్లు మరుగుతున్నప్పుడు కూడా పాతది సన్నటి సందు మాత్రమే తెరిచింది. కొత్తది అప్పటికే బాగా తెరుచుకుని ఉంది. పక్కపక్కన పెట్టి చూశాక చిన్నాయనకు ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

పాతదాని చుట్టూ తెల్లటి పొర పేరుకుని ఉంది. అది బోరు నీళ్ల చలవ. మన వైపు బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునే గారే థర్మోస్టాట్ మీదా, రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయడం అందుకే. చాలా బండ్లకు ఈ పాళ్లు సరిపోతాయి. మీ బండి మాన్యువల్‌లో వేరే చెప్పి ఉంటే అదే పాటించండి. చలికి గడ్డకట్టే భయం మనకు లేదు కాబట్టి కూలెంట్ అవసరం లేదనుకుంటారు. అది తుప్పును ఆపుతుంది, నీళ్లు మరిగే పాయింట్‌నీ పెంచుతుంది.

కొత్త థర్మోస్టాట్‌తో సగం సమస్యే పోయింది

సిస్టమ్ ఫ్లష్ చేసి, కొత్త థర్మోస్టాట్, కొత్త గాస్కెట్, కొత్త కూలెంట్ వేశాక మళ్లీ లాగ్ తీశాం. ఖాళీ బండిలో 83 దగ్గర చక్కటి గుంట, తర్వాత 83 నుంచి 88 మధ్య గీత. లోడుతో హైవే మీద 92. అందరూ సంతోషించారు. కానీ అదే లాగ్‌లో కాజీపేట ట్రాఫిక్ భాగం చూస్తే 104 ఉంది. స్పీడు 60 ఉన్నప్పుడు 92, స్పీడు 10-15 ఉన్నప్పుడు 104. లోడు మారలేదు, మారింది స్పీడు ఒక్కటే.

ఇది థర్మోస్టాట్ లక్షణం కాదు. స్పీడులో ఎదురుగాలి సాయం చేస్తోంది, స్లోగా పోయేటప్పుడు గాలి అందడం లేదు. అయితే ఫ్యాన్ సరిగ్గా లాగడం లేదు, లేకపోతే రేడియేటర్‌లోంచి గాలి దూరడం లేదు. ఇంజిన్ ఆపి, వెనకవైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూస్తే రేడియేటర్ కింది సగంలో వెలుతురే కనిపించలేదు. ముందున్న ఇంటర్‌కూలర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో పత్తి దూది, వరి పొట్టు, దుమ్ము కలిసి చాపలా అల్లుకుని ఉంది. సీజన్‌లో జిన్నింగ్ మిల్లుల దగ్గరా, వడ్ల కల్లాల దగ్గరా తిరిగే బండికి ఇది మామూలే. ఇంజిన్ వైపు నుంచి బయటకు, తక్కువ ప్రెషర్ నీళ్లతో కడిగారు. ఎక్కువ ప్రెషర్ పెడితే సన్నటి రెక్కలు వంగిపోతాయి. తర్వాత అదే ట్రాఫిక్‌లో, 41 డిగ్రీల ఎండలో గరిష్ఠంగా 95 వచ్చింది.

లాగ్ తీయకుండా థర్మోస్టాట్ పీకేసి ఉంటే, దూది అలాగే ఉండేది, బండి హీట్ అవుతూనే ఉండేది, ఇంకో పార్ట్ మీద అనుమానం పోయేది. ఒక్కో లోపం గ్రాఫ్‌లో వేరే గుర్తు వదులుతుంది.

గ్రాఫ్ చూసి రోగం చెప్పడం

మీ లాగ్‌ని వీటితో పోల్చుకోండి.

82-88 దగ్గర గుంట లేకుండా నేరుగా ఎక్కడం, లేదా రంపం పళ్లు: థర్మోస్టాట్ ఇరుక్కుంది లేదా ఆలస్యంగా తెరుస్తోంది.

హైవే మీద 60-70 దగ్గరే ఉండి, ట్రాఫిక్‌లో మాత్రమే పెరగడం: తెరుచుకుని ఇరుక్కుంది, లేదా ఎవరో ఎప్పుడో పీకేశారు. కొన్ని బండ్లలో పి0128 అనే కోడ్ కూడా వస్తుంది. సెకండ్ హ్యాండ్ పికప్ కొనేటప్పుడు ఈ ఒక్క టెస్ట్ తప్పకుండా చేయండి.

స్లోగా పోతే వేడి, స్పీడులో మామూలు: ఫ్యాన్, ఫ్యాన్ క్లచ్, లేదా మూసుకుపోయిన రేడియేటర్ రెక్కలు.

స్పీడులో, లోడులో, ఎత్తు ఎక్కేటప్పుడు వేడి, ఆగితే తగ్గడం: రేడియేటర్ లోపల గార, వాటర్ పంపు, లేదా కూలెంట్ తక్కువ.

బాగా వేడెక్కి ఉన్న నంబర్ ఒక్కసారిగా పడిపోవడం: ఇది చూసి సంతోషించకండి. కూలెంట్ కారిపోయి సెన్సర్ గాలిలో తేలుతుంటే అది తక్కువ వేడి చూపించవచ్చు. ఇంజిన్ మాత్రం మాడిపోతూ ఉంటుంది. వెంటనే ఆపండి.

రేడియేటర్ మూతని కూడా మర్చిపోవద్దు. దాని మీద 0.9 లేదా 1.1 లాంటి నంబర్ ఉంటుంది, అది బార్‌లలో ప్రెషర్. సుమారు 1 బార్ ప్రెషర్‌లో మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు అరిగిపోతే ఆ ప్రెషర్ నిలవదు, 100 దాటగానే పొంగుతుంది. బండిలో అన్నిటికంటే చవకైన పార్ట్‌లలో ఇదొకటి.

గేర్‌బాక్స్ సంగతేంటి?

మన దగ్గర కిరాయి పికప్‌లలో దాదాపు అన్నీ మాన్యువల్. వాటి గేర్‌బాక్స్‌లో పళ్లు ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి, సాధారణంగా విడిగా కూలర్ ఉండదు. వేడి సమస్య వచ్చేది క్లచ్‌కి. లోడు బండిని ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో నిలబెడితే క్లచ్ ప్లేటు కాలుతుంది.

ఆటోమేటిక్ పికప్‌ల కథ వేరు. మన దేశంలో టయోటా హైలక్స్, శ్రీసిటీ ప్లాంట్‌లో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటివి 6 గేర్ల ఆటోమేటిక్‌లో వచ్చాయి. ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇందులో శక్తిని మోసేది ఆయిల్. స్లోగా, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆ ఆయిల్ చాలా మథనపడుతుంది, ఆ వేడంతా ఆయిల్‌కే ఎక్కుతుంది. ఈ ఆయిల్ సుమారు 80-95 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 120 దాటితే త్వరగా పాడవుతుంది, నల్లబడి మాడు వాసన వస్తుంది.

చాలా ఆటోమేటిక్ బండ్లలో ఈ ఆయిల్‌ని చల్లబరిచేది ఇంజిన్ కూలెంటే. రేడియేటర్ కింది ట్యాంకులో ఉన్న చిన్న గొట్టంలోంచి గేర్‌బాక్స్ ఆయిల్ పోతుంది. అంటే ఇంజిన్ థర్మోస్టాట్ ఇరుక్కుని రేడియేటర్‌కి సరైన ప్రవాహం లేకపోయినా, రేడియేటర్ మూసుకుపోయి 105 డిగ్రీల కూలెంట్ తిరుగుతున్నా, గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబడే దారి పోతుంది. అందుకే గేర్‌బాక్స్ హీట్ వార్నింగ్ వస్తే ముందు ఇంజిన్ గ్రాఫ్ చూడండి. అమెరికాలో వాడే కొన్ని పెద్ద పికప్‌లలో గేర్‌బాక్స్ ఆయిల్ లైన్‌లోనే విడిగా ఇంకో చిన్న థర్మోస్టాట్ ఉంటుంది. అక్కడ ట్రైలర్లు లాగే మన తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ బండిలో ఇంజిన్ కూలెంట్ మామూలుగా ఉండి గేర్‌బాక్స్ ఆయిల్ ఒక్కటే ఎక్కుతుంటే దాన్ని అనుమానించండి.

గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ సాధారణంగా అందరికీ కామన్‌గా ఉండే లిస్టులో దొరకదు. కంపెనీ సొంత కోడ్ ద్వారా అడగాలి. యాప్‌లో మీ మోడల్ ప్రొఫైల్ ఉంటే వస్తుంది. పి0218 కోడ్ వస్తే గేర్‌బాక్స్ వేడెక్కిందని, పి0217 వస్తే ఇంజిన్ వేడెక్కిందని అర్థం. శ్రీశైలం లాంటి ఘాట్‌లో లోడుతో ఎక్కుతుంటే గేర్ మాన్యువల్ మోడ్‌లో కిందికి వేసుకోండి. యాక్సిలరేటర్ తొక్కి బండిని ఎత్తు మీద నిలబెట్టకండి, బ్రేక్ వాడండి. గేర్‌బాక్స్ మాత్రమే వేడెక్కి ఇంజిన్ మామూలుగా ఉంటే, పక్కకు ఆపి పార్క్‌లో పెట్టి ఇంజిన్‌ని కాసేపు ఐడిల్‌లో ఉంచండి. పంపు తిరిగితేనే ఆయిల్ కూలర్‌కి వెళ్తుంది.

రోడ్డు మీద హీట్ అయితే ఏం చేయాలి?

ఏసీ ఆపేయండి. హీటర్ ఉంటే ఫుల్‌లో పెట్టండి, అది చిన్న సైజు రేడియేటర్‌లా పనిచేస్తుంది. యాక్సిలరేటర్ తగ్గించి, సురక్షితమైన చోట పక్కకు తీయండి.

ఆవిరి వస్తున్నా, కూలెంట్ కారుతున్నా వెంటనే ఇంజిన్ ఆపేయండి. అవేమీ లేకుండా వేడి మాత్రమే ఎక్కువుంటే ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి చూడండి, తగ్గకపోతే ఆపేయండి.

వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. ప్రెషర్‌లో ఉన్న 110 డిగ్రీల నీళ్లు మూత తీయగానే ఆవిరై మొహం మీదకు చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగి, పై పైపుని చేత్తో పట్టుకోగలిగినప్పుడే, మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. మాడుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు ఒకేసారి గుమ్మరించొద్దు, హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

తర్వాత డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉన్నా, సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తున్నా అది హెడ్ గాస్కెట్ వ్యవహారం. అక్కడి నుంచి నడపకండి, లాక్కుపోవాల్సిందే.

కొనాలా, వద్దా?

మీ ఇంట్లో బీఎస్6 పికప్, లేదా సాకెట్ పని చేసే బీఎస్4 బండి ఉంటే, నా సలహా కచ్చితంగా కొనమనే. ఊళ్లో నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. బండి బాగున్నప్పుడే ఒకసారి ఖాళీగా, ఒకసారి లోడుతో లాగ్ తీసి దాచుకోండి. రేపు తేడా వచ్చినప్పుడు దేంతో పోల్చాలో తెలుస్తుంది. ఫోన్ కొన్న మొదటి రోజే బెంచ్‌మార్క్ తీసి పెట్టుకుంటాం కదా, ఇదీ అంతే. ఆ తర్వాత పత్తి సీజన్ అయ్యాక ఒకసారి, యాసంగి కోతలయ్యాక ఒకసారి లాగ్ తీయండి.

డాంగిల్ మెకానిక్‌కి బదులు కాదు. థర్మోస్టాట్ మార్చింది, ఫ్లష్ చేసింది, గాలి బుడగలు పోయేలా కూలెంట్ నింపింది అంతా షెడ్‌లోనే. మెకానిక్ అన్నకు "బండి హీట్ అవుతోంది" అని చెప్పడం వేరు, "82లో తెరవాల్సింది 101 దాకా తెరవడం లేదు" అని గ్రాఫ్ చూపించడం వేరు. రెండోది చెబితే ఆయన పని కూడా తేలికవుతుంది. మా చిన్నాయనకు థర్మోస్టాట్ తీసేయమని చెప్పిన అన్నే ఇప్పుడు హీట్ అవుతోందని వచ్చే బండ్లకు ముందు డాంగిల్ పెట్టి చూస్తున్నాడు.